నీలిచేతుల దొరలు

సిద్దిపేటోళ్లకు రొయ్య అంటే ఎండిపోయిందే. అంగడిలో గుట్టగా పోసి, కొలిచి, కాగితంలో చుట్టి ఇచ్చేది. పుంటికూరలోనో చింతచిగురులోనో వేసి వండితే ఆ వాసన మూడిళ్ల అవతల శాకాహారుల చేత కిటికీలు మూయించేది. దానికీ ఒకప్పుడు ప్రాణం ఉండేదని, అదీ ఎక్కడో మీసాలు ఊపుకుంటూ తిరిగిందని మా తరంలో ఎవరూ ఆలోచించిన పాపాన పోలేదు. సముద్రం మాకు మూడు వందల కిలోమీటర్ల పైమాట. రొయ్యకూ మాకూ పరిచయమంతా దాని మరణానంతరమే.

అలాంటి దిక్కుకు ప్రాణమున్న రొయ్య బండెక్కి వచ్చింది. 2016లో చెరువుల్లో ఉచితంగా చేపపిల్లలు వదలడం మొదలుపెట్టిన ప్రభుత్వం, తర్వాత రొయ్యపిల్లలనూ జతచేసింది. అంతలో కాళేశ్వరం మోటార్లు గోదావరిని ఎత్తెత్తి ఇటు పోశాయి. 2020లో చంద్లాపూర్ దగ్గర మూడు టీఎంసీల రంగనాయకసాగర్‌కు నీళ్లొచ్చాయి. "గుట్టల మీదికి నీళ్లెట్ల వస్తయి?" అని వెక్కిరించిన నోళ్లే, నీళ్లు చూసిన మరునాటి నుంచి "రొయ్యలు ఎప్పుడు పడ్తరు?" అని అడగడం మొదలుపెట్టాయి.

మా బావ మత్స్య సహకార సంఘంలో సభ్యుడు. ఎండలు ముదిరి వాళ్ల ఊరి చెరువులో నీళ్లు తగ్గాక ఒకరోజు ఫోన్ చేశాడు. "రేపు వల వేస్తున్నం బామ్మర్దీ. చీకటితోనే రా. పొద్దెక్కితే కట్ట మీద నిలవడనీకె సందుండది."

చీకటితోనే వెళ్లాను. అప్పటికే సందు లేదు. ఊరంతా కట్ట మీదే ఉంది. ఎవరిని పలకరించినా "ఊకెనే, చూసిపోదామని అచ్చిన" అనేవాళ్లే. అందరి చంకలోనూ మడతపెట్టిన సంచి. జీవితంలో నీచు ముట్టలేదని పేరున్న రిటైర్డు పంతులుగారు కూడా ఒక స్టీలు టిఫిన్ డబ్బాతో వచ్చారు. అందులో ఏముందని ఎవరూ అడగలేదు. ఏమీ లేదని అందరికీ తెలుసు.

చెరువులోకి దిగేవాళ్ల వాహనాలు చూడాలి. ఫ్రిజ్ కొంటే చుట్టూ పెట్టి ఇస్తారే, ఆ థర్మాకోల్ ముక్కలను కట్టగట్టి తెప్పలు చేశారు. వాటి మీద గొంతుకూర్చుని చేతులతో తెడ్డు వేస్తూ వెళ్లి, వల చుట్టూ తిప్పి, రెండు వైపుల నుంచి లాగుకుంటూ ఒడ్డుకు వచ్చారు. మొదట బొచ్చెలు, రవ్వలు ఎగిరిపడ్డాయి. తర్వాత బంగారు తీగలు. పిలవకుండానే ప్రతి చెరువుకూ వచ్చే జిలేబీలు మందలుగా దిగాయి. మామూలు రోజైతే వీటికే కట్ట మీద కొట్లాటలు జరిగేవి. ఆ రోజు వాటి వంక చూసినవాడు లేడు. "రొయ్యేది? రొయ్యేది?" అని ఒకటే కేకలు.

రొయ్య వలలోనే ఉంది, కానీ రానంటోంది. పొడుగాటి చేతులు వల కన్నుల్లో ఇరికించుకుని భీష్మించుకుంది. ఒక్కోదాన్ని విడిపించడానికి ఇద్దరు కూర్చోవాలి. ఒకడు పట్టుకోవాలి, ఒకడు తిట్టాలి. ఎట్టకేలకు బావ ఒకదాన్ని తెచ్చి నా ముందు ఎత్తి పట్టాడు. ఒంటి కంటే చేతులే పొడుగు, అవి కూడా ముదురు నీలం.

"బావా, గిది రొయ్యనా, తేలా?"

"నీలకంఠం," అన్నాడు బావ, తానే కన్నంత గర్వంగా.

కోస్తాలో ఒకప్పుడు వైభవం వెలగబెట్టిన జాతి ఇది. తెల్లతోక జబ్బు కొంత, 2009 నుంచి దేశంలో సాగులోకి వచ్చిన వనామీ రొయ్య కొంత దాన్ని పక్కకు నెట్టాయి. ఇప్పుడు మా తెలంగాణ చెరువుల్లో కొత్త కాపురం పెట్టింది.

కుప్ప పోశాక అసలు విడ్డూరం కనబడింది. అన్నీ ఒకేరోజు వదిలిన పిల్లలు, ఒకే నీళ్లు, ఒకే తిండి. అయినా ఒకటి జానెడు దాటితే ఇంకొకటి వేలెడు లేదు. నేను విత్తనం కల్తీ అనుకున్నాను. బావ నవ్వి విడమరిచాడు. మగవాటిలో మూడు రకాలట. నీలిచేతులవి దొరలు. వాటి కింద నారింజరంగు చేతులవాళ్లు, పదవి కోసం ఎదురుచూసే బాపతు. అడుగున పొట్టివాళ్లు. దొర పక్కన ఉన్నంతకాలం పొట్టివాడు ఎదగడు. నారింజవాడు మాత్రం తింటూ, పెరుగుతూ, పక్కనున్న దొరను మించేదాకా ఆగి అప్పుడు చేతులకు నీలం వేసుకుంటాడు. పొట్టివాళ్లు చాటుమాటుగా కాపురాలు చేసుకుంటూ బతికేస్తారు. ఇదంతా శాస్త్రవేత్తలు రాసిపెట్టిన సంగతే. కానీ గడీల కాలం చూసిన తాతల మనవళ్లకు శాస్త్రం చదవాల్సిన పనేముంది?

"మరి కిందోళ్లు ఎదిగేదెట్ల?"

"దొరలను ముందుగాల ఏరి అమ్ముకోవాలె. అప్పుడు కిందివి లేస్తయి."

వందేళ్ల తెలంగాణ చరిత్రను మా బావ వల విదిలిస్తూ ఒక్క ముక్కలో తేల్చేశాడు.

మరి ఇక్కడే గుడ్లు పెట్టించి, ఇక్కడే పెంచుకోవచ్చు కదా, ఏటేటా పిల్లల కోసం ఎదురుచూడడం ఎందుకు? ఈ ప్రశ్న నాకంటే ముందే టిఫిన్ డబ్బా పంతులుగారు వేశారు. కుదరదు. నీలకంఠం బతుకంతా మంచినీళ్లలోనే గడిపినా, పిల్లలకు మాత్రం కొన్నాళ్లు ఉప్పు కలిసిన నీళ్లు కావాలి. నదుల్లో పెరిగిన తల్లి కూడా పొట్ట కింద గుడ్లతో సముద్రం మొగదాకా దిగిపోతుంది. ఈ గుట్టు చాలాకాలం ఎవరికీ తెలియలేదు. 1960ల మొదట్లో మలేషియాలో షావో వెన్ లింగ్ అనే శాస్త్రవేత్త, పొదిగిన పిల్లలన్నీ వరుసగా చచ్చిపోతుంటే తల పట్టుకుని, చివరికి నీళ్లలో కాస్త ఉప్పు తగలగానే అవి బతకడం చూశాడు. ప్రపంచంలో నీలకంఠం సాగంతా అక్కడి నుంచే మొదలు. సిద్దిపేట చెరువులో నుంచి తల్లి రొయ్య సముద్రానికి బయలుదేరాలంటే మత్తడి దూకాలి, వాగులు దాటాలి, ఆనకట్టలు ఎక్కి దిగాలి. అంత ప్రయాస దానితో ఎందుకు చేయించాలని పిల్లల్ని హేచరీల నుంచే తెప్పిస్తారు.

ఇంతలో "ఐసు! ఐసు!" అని అరుపులు. నీలకంఠం నీళ్లు దాటి వచ్చాక ఎక్కువసేపు ఆగదు. తలలోని రసాలు ఒంట్లోకి దిగి కండను మెత్తబరుస్తాయి. అందుకే కుప్ప మీద వెంటనే ఐసు కొట్టాలి. ఐసు తేవాల్సిన ఆటో మాత్రం ఊరి మొదట్లో చాయ్ తాగుతోంది. కట్ట మీద నుంచి పదిమంది ఒకేసారి ఫోన్లు చేయడంతో డ్రైవరుకు ఏ ఫోనూ కలవలేదు. చివరికి ఒక పిల్లగాడు సైకిల్ మీద పోయి పట్టుకొచ్చాడు.

హైదరాబాద్ నుంచి వచ్చిన కొనుగోలుదారు అప్పుడు వ్యాన్ దిగాడు. నల్లద్దాలు తీయకుండానే ఒకదాన్ని తిప్పి చూసి పెదవి విరిచాడు. నీలకంఠానికి ఒంట్లో దాదాపు సగం బరువు తలకాయదే. తినేది తోక, తూగేది తల.

"తలకాయలు తీసి తూకం వెయ్యుండ్రి," అన్నాడు.

సంఘం పెద్దమనిషి మీసం రొయ్యకు ఏమాత్రం తీసిపోదు. దాన్ని ఒకసారి సవరించుకున్నాడు. "నిన్ను తూకం వెయ్యాలంటే తలకాయ తీసి వేస్తమా?"

వ్యాన్ ఆయన జవాబు వెతుక్కుంటుండగానే కట్ట మీద నుంచి ఎవరో అందుకున్నారు. "తీసినా వెయ్యొచ్చు కాకా. ఈయనకు గంత తేడా రాదు."

తలకాయలతోనే తూకం వేశారు.