అగ్రసంధానికి నకలు ఉందా స్వామీ?

శ్రీయుత చిత్రగుప్తుల వారి దివ్యసముఖమునకు,
జమాఖర్చుల శాఖ, సంయమనీపురం.

విషయం: కంప్యూటర్లోని ఫొటోలను డిస్కులకెక్కించి నిశ్చింతగా నిద్రపోతున్న గృహస్థుల గురించి.

అయ్యా,

తమ శాఖ మీద ఫిర్యాదు చేసేంతవాణ్ణి కాను. ప్రాణికోటి చేసే ప్రతి పనినీ అగ్రసంధానిలోకి ఎక్కిస్తూ, యుగాలు మారినా ఒక్క పేజీ చెదపట్టకుండా నెట్టుకొస్తున్న దఫ్తరు తమది. ఇక్కడ భూలోకంలో ఇరవై ఏళ్ల కిందటి పెళ్లి ఫొటో తెరవడమే గగనమైపోయింది. రికార్డుల కష్టం తెలిసిన అధికారి మరొకరు కనబడక తమకే విన్నవించుకుంటున్నాను.

డిజిటల్ కెమెరాలు ఇళ్లలోకి వచ్చిన కొత్తలో మావాళ్లకు ఒక అలవాటు పట్టుకుంది. కంప్యూటర్ నిండగానే నెట్ సెంటర్‌కు పోయి సీడీ కొట్టించడం, దాని మీద బాల్‌పెన్నుతో ‘బారసాల - 2006’ అని రాయడం, బీరువాలో పట్టుచీరల కింద దాచడం. ఆ సాయంత్రమే కంప్యూటర్లోంచి ఫొటోలన్నీ తుడిచేయడం. అసలు చెరిపేశాక ఆ డిస్కుకు తోడెవరూ లేరన్న సంగతి ఎవరికీ తట్టలేదు. ఇదంతా తమ పుస్తకంలో ‘జ్ఞాపకాలు భద్రపరిచెను’ అని పుణ్యం ఖాతాలో పడి ఉంటే దయచేసి కొట్టేయించండి.

డిస్కు లోపలి వ్యవహారం కూడా తమ దృష్టికి తేవాలి. దుకాణంలో కొన్న సినిమా సీడీలో గుర్తులు అచ్చుపోసి ఉంటాయి. మనం రాసుకునే సీడీలో ఉండేది ఒక రంగు పొర. లేజరు దాన్ని అక్కడక్కడ మాడ్చి గుర్తులు పెడుతుంది. ఆ రంగు సేంద్రియ పదార్థం. ఎండకూ ఉక్కకూ వెలిసిపోయే జాతి. దాని మీద తళతళలాడే లోహపు పూత, ఆపైన పల్చటి వార్నీషు. ఇప్పుడు వింత చూడండి. గీత పడుతుందేమోనని అందరూ ప్రాణంగా చూసుకునే మెరిసే వైపు మిల్లీమీటరుకు పైగా ప్లాస్టిక్ అడ్డం ఉంటుంది. పేరు రాసే వైపు ఆ వార్నీషు తప్ప దిక్కులేదు. బాల్‌పెన్ను మొన గట్టిగా దిగితే కిందున్న బారసాలలో కొంత అక్కడికక్కడే పోతుంది. డీవీడీలో ఆ పొర రెండు ప్లాస్టిక్ పలకల మధ్య ఉంటుంది కాబట్టి కొంత నయం.

అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2003లోనే దీని గురించి ఒక చిన్న పుస్తకం వేసింది. కాగితం లేబుళ్లు అంటించొద్దు, రాయాల్సి వస్తే నీటి సిరా మార్కరుతో రాయండి, పడుకోబెట్టకుండా నిలబెట్టి దాచండి, తుడిచేటప్పుడు గుండ్రంగా కాకుండా మధ్యలోంచి అంచుకు తుడవండి అని. ఈ చివరిది ఎందుకంటే, సమాచారం మధ్యలోంచి బయటికి చుట్లు చుట్లుగా రాసి ఉంటుంది. అడ్డంగా పడ్డ గీత ఒక్కో చుట్టులో కాస్తంతే తింటుంది, ఆ లోటును డ్రైవు తానే పూడ్చుకోగలదు. చుట్టు వెంబడే పడిన గీత వరసగా ఒక పెద్ద ముక్కను మింగేస్తుంది. మా ఇళ్లలో మాత్రం ఈనాటికీ పంచె కొంగుతో గుండ్రంగానే తుడుస్తారు, పైగా నోటితో ఊది మరీ.

తూకంలో దగా గురించి కూడా ఒక మాట. డీవీడీ అట్ట మీద 4.7 జీబీ అని ఉంటుంది. కంప్యూటర్లో పెడితే 4.38 అని చూపిస్తుంది. తయారీదారు వెయ్యి చొప్పున లెక్కపెడతాడు, కంప్యూటర్ 1,024 చొప్పున. ఎవరూ అబద్ధమాడలేదు, అయినా ఆఖరి యాభై అరవై ఫొటోలు పట్టవు. దీన్ని ఏ ఖాతాలో వేస్తారో తమ విచక్షణకే వదిలేస్తున్నాను.

ఇంతకన్నా పెద్ద చిక్కు, డిస్కు బాగానే ఉండి చదివేది లేకపోవడం. కొడాక్ వారు 1992లో ఫొటో సీడీ అని ఒకటి తెచ్చారు. వంద దాకా ఫొటోలు పట్టేవి, కానీ వాళ్ల సొంత పద్ధతిలో. ఆ పద్ధతి తెలిసిన సాఫ్ట్‌వేర్ ఇవాళ వెతుక్కోవాలి. ల్యాప్‌టాప్‌లు పల్చబడే పోటీలో డ్రైవును పీకేశాయి. 2008లో మ్యాక్‌బుక్ ఎయిర్ అది లేకుండానే వచ్చింది, మిగతావీ ఆ దారే పట్టాయి. మన దేశంలో ఖాళీ డిస్కులకు మారుపేరైన మోజర్ బేర్ 2018లో మూతపడే దారి పట్టింది. రాసుకునే బ్లూరే డిస్కుల తయారీని సోనీ 2025 ఫిబ్రవరితో ఆపేసింది. వెయ్యేళ్లు మన్నుతుందని చెప్పి అమ్మిన ఎం-డిస్క్ కూడా ఒకటుంది. వెయ్యేళ్లు డిస్కు ఉంటుంది సరే, డ్రైవో?

తాళ్లపాక వారు సంకీర్తనలను రాగిరేకుల మీద చెక్కించి తిరుమల గుడిలో రాతి అరలో పెట్టారు. శతాబ్దాల తరవాత బయటికి తీసినప్పుడు కావలసి వచ్చినవి కళ్లూ, ఆ లిపి తెలిసిన పండితులూ. మా డిస్కులు మాత్రం పొలాల్లో పిట్టల్ని బెదిరిస్తూ తాళ్లకు వేలాడుతున్నాయి. అవి ఎండలో మెరిసినప్పుడల్లా అందులో ఎవరి అన్నప్రాసన ఉందోనని నాకు గుబులు.

అలాగని డిస్కును తిట్టిపోయడం నా ఉద్దేశం కాదు. ఒక్కసారి రాస్తే చెరగని సీడీ-ఆర్, డీవీడీ-ఆర్‌లకు ఒక సుగుణం ఉంది: వాటిలోని ఫొటోను వైరస్ మార్చలేదు, ఫోను పట్టుకున్న మనవడి వేలు చెరపలేదు. అవి నెలనెలా అద్దె అడగవు. గూగుల్ ఫొటోస్ ఎన్నైనా ఉచితమే అని ఊరించి 2021 జూన్ 1 నుంచి లెక్క మొదలుపెట్టింది. 15 జీబీ దాటితే చిల్లర తీయాలి. హార్డ్ డిస్కు చేయి జారి కిందపడితే ఊరి ఫొటోలన్నీ ఒక్కసారే పోతాయి. అందుకే పీటర్ క్రోగ్ అనే ఫొటోగ్రాఫర్ ఒక లెక్క ప్రచారంలోకి తెచ్చాడు: మూడు ప్రతులు, రెండు రకాల సాధనాలు, ఒకటి వేరే చోట. ఆ మూడింటిలో ఒకటిగా డిస్కు ఇప్పటికీ పనికొస్తుంది. ఉన్నది అదొక్కటే అయితే మాత్రం దేవుడే దిక్కు.

కనుక నా మనవి. ఇకపై పుణ్యం రాసేటప్పుడు డిస్కు కొట్టించిన తేదీ చూడకండి, దాన్ని మళ్లీ తెరిచి చదివిన తేదీ చూడండి. రాశాక సరిపోల్చడానికి సాఫ్ట్‌వేర్లో ‘వెరిఫై’ అని ఒక గడి ఉంటుంది. టిక్కు పెడితే దాదాపు రెట్టింపు సమయం పడుతుంది కాబట్టి కుర్రాళ్లు పెట్టరు. పెట్టినవారికి కాస్త ఎక్కువ వేయండి. నాలుగైదేళ్లకోసారి పాత డిస్కులోంచి కొత్త సాధనంలోకి ఎత్తిపోసేవారికి ఇంకాస్త. ఫొటోలో ఎవరెవరున్నారో పక్కన ఒక ఫైల్లో రాసి పెట్టిన మహానుభావులుంటే వారికి విచారణే అక్కర్లేదు.

కేకు కోసిన ఒకే క్షణాన్ని పద్నాలుగుసార్లు దాచినవారికి శిక్ష కావాలంటారా? కుంభీపాకం దాకా ఎందుకు. ‘న్యూ ఫోల్డర్’, ‘న్యూ ఫోల్డర్ (2)’, ‘న్యూ ఫోల్డర్ (2) కాపీ’ల్లోంచి మేనకోడలి ఓణీల ఫంక్షన్‌లో మేనత్త కళ్లు మూయకుండా పడిన ఫొటో వెతికి తెమ్మనండి. మేనత్తను పక్కనే నిలబెట్టండి.

ఇట్లు,
తమ ఖాతాలోని ఒక జీవుడు.

ప్రతులు: కాగితం మీద ఒకటి హైదరాబాద్ పాతబస్తీ కందికల్ గేటు చిత్రగుప్త ఆలయానికి, డిస్కులో ఒకటి నా బీరువాకు, మరొకటి వేరే ఊళ్లోని మా చెల్లెలి ఇంటికి. తనకు డ్రైవు లేదట; కొనమని చెప్పాను.