అత్త సొమ్ము, ట్రస్టు దానం

ప్రావిడెంట్ ఫండ్ (పీఎఫ్) పేరిట మూల వేతనం, డీఏ కలిపి నూటికి పన్నెండు చొప్పున నెలనెలా జీతంలోంచి కోసేస్తారు. యజమాని తన వాటా కలుపుతాడు. (అందులో ఒక ముక్క పింఛను పథకానికి పోతుంది. అది వేరే ఏడుపు.) చాలా పెద్ద సంస్థల్లో ఈ సొమ్ము ప్రభుత్వ పీఎఫ్ సంస్థ ఈపీఎఫ్‌ఓ గడప తొక్కదు. 1952 నాటి చట్టంలో 17వ సెక్షన్ ఒక దారి ఇచ్చింది: ట్రస్టు మీరే పెట్టుకోండి, మదుపు మీరే చేసుకోండి, మీకు మినహాయింపు. దేన్నుంచి మినహాయింపో మనవాళ్లు తమకు కావలసినట్టు అర్థం చేసుకున్నారు.

కాగితం మీద చూస్తే ఆనందబాష్పాలు రావాలి. డబ్బు కంపెనీది కాదు, ఉద్యోగులది. ధర్మకర్తలు కాపలాదారులు మాత్రమే. బోర్డులో యాజమాన్యం మనుషులెందరో ఉద్యోగుల మనుషులూ అందరే. వడ్డీ ఈపీఎఫ్‌ఓ ఇచ్చేదానికంటే తగ్గితే ఆ తేడా యజమానే భరించాలి. ప్రభుత్వ బాండ్లలో ఎంత, కంపెనీ బాండ్లలో ఎంత, షేర్లలో ఎంత పెట్టాలో కేంద్రం గెజిట్‌లో అచ్చేసి మరీ చెప్పింది.

ఇక సమావేశం గదిలోకి రండి. బల్లకు అవతల ఫైనాన్స్ డైరెక్టరు గారు. ఇవతల ఉద్యోగుల తరఫు ధర్మకర్త. ఈయన బదిలీ, ప్రమోషను అవతలి వరుస చేతిలో ఉన్నాయి. ఎజెండా టీతో పాటే వస్తుంది, టీ చల్లారేలోపు తీర్మానం అయిపోతుంది. కొనబోయే బాండు సంగతేమిటని అడిగితే ‘ట్రిపుల్ ఏ’ అంటారు, రేటింగుల్లో అన్నిటికన్నా పైమెట్టు. 2018లో ఐఎల్‌ఎఫ్‌ఎస్ అనే ఫైనాన్స్ కంపెనీ బాకీలు ఎగ్గొట్టడానికి కొన్ని వారాల ముందు వరకూ దానికీ ట్రిపుల్ ఏనే. ఆ బాండ్లు కొన్న పీఎఫ్ ట్రస్టులు తర్వాత కంపెనీ లా అప్పీలేట్ ట్రిబ్యునల్ మెట్లెక్కాయి. రేటింగు ఇచ్చినవాడికి ఫీజు కట్టింది ఎవరనుకున్నారు? అప్పు తీసుకున్నవాడే!

అసలు ఘనత లక్నోది. ఉత్తరప్రదేశ్ విద్యుత్ ఉద్యోగుల ట్రస్టు 2017 మార్చి నుంచి 2018 డిసెంబరు దాకా డీహెచ్‌ఎఫ్‌ఎల్ అనే ప్రైవేటు గృహరుణాల కంపెనీలో 4,100 కోట్లకు పైగా ఫిక్స్‌డ్ డిపాజిట్లు వేసింది. ఆ లైన్‌మన్ల ఉదారత చూడండి. సొంతింటి లోను కోసం తాము బ్యాంకుల చుట్టూ తిరుగుతూ, ఇళ్లకు లోన్లిచ్చే కంపెనీకే వేల కోట్లు అప్పిచ్చారు. ఇచ్చినట్టు వాళ్లకు తెలియదు, అంతే. 2019లో కంపెనీ కుప్పకూలింది, దాదాపు 2,268 కోట్లు ఇరుక్కుపోయాయి. అప్పుడు పోలీసులొచ్చారు, అరెస్టులయ్యాయి, ఆ తర్వాత సీబీఐ వచ్చింది. కాపలాదారులకే కాపలా పెట్టాల్సిన అవసరం అప్పుడు కనిపించింది, డిపాజిట్లు వేసిన ఇరవై పైచిలుకు నెలల్లో కాదు.

మనం వెనకబడ్డామని బెంగపడకండి. సింగరేణి కార్మికుల పొదుపు దాచే కోల్ మైన్స్ ప్రావిడెంట్ ఫండ్ కూడా అదే డీహెచ్‌ఎఫ్‌ఎల్‌లో చెయ్యి కాల్చుకుంది. తెలంగాణ ఆర్టీసీ పద్ధతి ఇంకా తేలిక. బయట పెడితే మునుగుతుందని కాబోలు, ట్రస్టుకు చేరాల్సిన వందల కోట్లు సంస్థ దగ్గరే ఉండిపోయాయి. 2019 సమ్మె రోజుల్లో ఆ బకాయిల లెక్క చర్చకొచ్చింది. జీతం చీటీలో కోత మాత్రం పైసాతో సహా కనిపిస్తూనే ఉంది. కండక్టరు టికెట్టు డబ్బుల్లో పది రూపాయలు తగ్గితే సస్పెన్షను. కండక్టరు డబ్బు కోట్లలో తగ్గితే దాని పేరు ‘ఆర్థిక ఇబ్బంది’.

మీ ట్రస్టు ఎక్కడ ఎంత పెట్టిందో నోటీసు బోర్డు మీద అంటించమని అడిగి చూడండి. గోప్యం అంటారు. మీ డబ్బు, మీకే గోప్యం.

లక్నోలో ఉద్యోగులు రోడ్డెక్కాక ప్రభుత్వం హామీ ఇచ్చింది: పీఎఫ్‌కి ఢోకా లేదు, విద్యుత్ సంస్థే చెల్లిస్తుంది, చాలకపోతే ఖజానా ఆదుకుంటుంది. సంస్థకు డబ్బు కరెంటు బిల్లుల నుంచి రావాలి, ఖజానాకు పన్నుల నుంచి రావాలి. డిపాజిట్ల మీద సంతకాలు చేసినవాళ్లు బిల్లు కడతారో లేదో గానీ, లైన్‌మన్ పొరుగింటాయన కట్టక తప్పదు.