శార్వరి సర్కారు వారికి బ్రిక్‌ఫీల్డ్స్ నుంచి ఒక విన్నపం

బ్రిక్‌ఫీల్డ్స్, కౌలాలంపూర్
శ్రీ శార్వరి నామ సంవత్సరం, వైశాఖ శుద్ధ తదియ
(26 ఏప్రిల్ 2020)

మహారాజశ్రీ బుధ మహారాజుల వారి దివ్యసముఖమునకు,
నకలు: మంత్రివర్యులు శ్రీ చంద్రుల వారికి.

అయ్యా,

మార్చి 25, బుధవారం, చైత్ర శుద్ధ పాడ్యమి నాడు తమరు గద్దెనెక్కారు. ఉగాది ఏ వారం పడితే ఆ వారానికి అధిపతే ఆ ఏటికి రాజు గనక తమరికి ఎన్నికల బెడద లేదు. మా దేశంలోనూ మార్చి 1న ఎన్నికలు లేకుండానే ప్రధాని మారారు. అందుచేత మాకిది వింతగా ఏమీ లేదు.

అయితే తమరి పట్టాభిషేకం నాడే మరో రెండు సర్కార్లు కూడా మా ఇంటిమీద పడ్డాయి. మార్చి 18న మొదలై 31తో అయిపోవలసిన ఎంసీఓను, అంటే కదలికల నియంత్రణ ఉత్తర్వును, ఏప్రిల్ 14 దాకా పొడిగించామని ముహియుద్దీన్ యాసిన్ గారు టీవీలో చెప్పింది ఆ రోజే. ముందురోజు రాత్రి ఎనిమిదింటికి మోదీ గారు ప్రకటించిన 21 రోజుల లాక్‌డౌన్ అమల్లోకి వచ్చిందీ ఆ రోజే. ఆ ఏప్రిల్ 14 ఇప్పుడు మే 12 అయింది. అక్కడ ఇండియాలో 21 రోజులు మే 3 దాకా సాగాయి. ఆ రెండు సర్కార్లకూ మొర పెట్టుకోవడానికి ఫోన్ నంబర్లున్నాయి. తమరికి లేదు. అందుకే ఈ బహిరంగ లేఖ.

ఇదంతా నా ముందు వికారి సంవత్సరాన్ని ఏలినవారు అప్పజెప్పి పోయిన గొడవ అని తమరు తప్పించుకోవచ్చు. మలేసియాలో కరోనా మొదటి కేసులు బయటపడింది జనవరి 25న, అప్పటికి రాజ్యం వికారిదే, ఒప్పుకుంటాం. కానీ వచ్చినవాడు పోయినవాడి మీద నెట్టేయడం ఏ పార్టీ రాజ్యంలో చూడలేదు గనక! ఆ మాట తమరి నోటి వెంట వద్దు.

సర్కారు మాట కాదనే అలవాటు మాకు లేదని ముందే మనవి చేసుకుంటున్నాను. అసలు మా పేట పుట్టిందే ఉత్తర్వుతో. 1881లో కౌలాలంపూర్ ఒకసారి మంటలకీ ఒకసారి వరదకీ పోయాక, ఇక తాటాకులూ చెక్కలూ వద్దు, ఇళ్లు ఇటుకతోనే కట్టుకోండి అన్నారు దొరలు. ఆ ఇటుకలు కాల్చిన చోటే మేముంటున్నాం. తర్వాత రైల్వే వాళ్లు క్వార్టర్లు కట్టమన్నారు, కట్టాం. తర్వాత పడగొట్టమన్నారు, పడగొట్టాం. 2010లో మన్మోహన్ సింగ్ గారు వచ్చిన రోజు నుంచి లిటిల్ ఇండియాగా ఉండమన్నారు, ఉంటున్నాం. ఇప్పుడు ఇంట్లో ఉండమంటున్నారు. అదీ ఉంటున్నాం. మా పేచీ వేరే ఉంది.

తమరి ఏలుబడిలో ఏ రాశివాళ్ల బతుకు ఎలా ఉంటుందో నాలుగు గళ్లలో తేల్చేయడం ఆనవాయితీ కదా: ఆదాయం, వ్యయం, రాజపూజ్యం, అవమానం. ఈసారి స్కాట్ రోడ్డులో వీర హనుమాన్ గుడికి తాళం, కందస్వామి కోవెలకి తాళం. పంచాంగ శ్రవణం మా తమ్ముడు వాట్సాప్‌లో చేశాడు. మా అత్తగారి రాశికి వ్యయం ఎంతో చదివి, రాజపూజ్యం దగ్గరికి వచ్చేసరికి నెట్ పోయింది. మళ్లీ రాలేదు. అందుకని మా లెక్క మేమే రాసుకుని తమరి సముఖానికి పంపుతున్నాం. సరిచూసుకోగలరు.

ఆదాయం. మార్చి 27న ప్రధాని గారు 250 బిలియన్ రింగిట్ల సహాయం ప్రకటించారు. అరటిపండు బజ్జీలు అమ్ముకునే మాక్చిక్ కియా అనే ఆవిణ్ణి కల్పించి, ఆమెకు ఎంత ముడుతుందో టీవీలో లెక్కకట్టి చూపించారు. మా ఆయనది కుట్టు దుకాణం. నెలకు 4,000 లోపు సంపాదించే ఇంటికి 1,600 రింగిట్లు అన్నారు, అందులో వెయ్యి వచ్చింది, తక్కిన ఆరువందలు మే నెలలోనట. షాపు మూసి ఉన్నా అద్దె మాత్రం మూతపడలేదు. ఇంట్లో మిషను మీద పాత జాకెట్ల లైనింగు గుడ్డతో మాస్కులు కుడుతున్నాడు. అంచులకు మిగిలిపోయిన జరీ వేస్తుంటే, పెళ్లికా ఈ మాస్కు అంటున్నారు మా అత్తగారు.

అసలైన ఆదాయం ఇంకొకటుంది. క్లాంగ్‌లో మా అన్నయ్యకు మనవరాలు పుట్టింది. ఏప్రిల్ 1 నుంచి ఇంటికి పది కిలోమీటర్లు దాటకూడదు, దాటితే వెయ్యి రింగిట్లు జరిమానా. క్లాంగ్ అంతకన్నా ఎంత దూరమో తమరికి పైనుంచి కనిపిస్తూనే ఉంటుంది. బారసాల ఫోన్లో చేశారు. పిల్ల చెవిలో పేరు చెప్పాల్సిన మేనత్తగారు సెరంబన్‌లో ఉండిపోయింది. స్పీకర్ ఆన్ చేసి ఫోనే పిల్ల చెవి దగ్గర పెట్టారు. ఆమె రహస్యంగా చెప్పిన పేరు మాతో సహా నాలుగు ఊళ్లవాళ్లు విన్నారు.

వ్యయం. బాగన్ దాతుక్‌లో మా చిన్నాన్న పోయారు. కరోనా కాదు, వయసు. రాష్ట్రం దాటాలంటే పోలీసు అనుమతి కావాలి, చావుకైతే దగ్గరివాళ్లకు ఇస్తామన్నారు. చిన్నాన్న దగ్గరివాడా దూరపువాడా అనేది తేలేలోపే అక్కడ కార్యం అయిపోయింది. మా నాన్న పోయాక నా పెళ్లి పీటల మీద కూర్చుని కన్యాదానం చేసిన మనిషి ఆయన. పెద్దకర్మకూ ఎవరూ వెళ్లలేదు. మా ఇంట్లో ఆయన ఫొటోకు వేయడానికి దండ దొరక్క, బాల్కనీ కుండీలో ఉన్న నందివర్ధనాలు నాలుగు కోసి పెట్టాం. దండల వీధిలో కాపురముంటూ దండ దొరకలేదని రాయాల్సి వస్తోంది.

ఆ చిన్నాన్న చెబుతుండేవారు: మా తాత శ్రీకాకుళం వైపు నుంచి మద్రాసు దగ్గర ఆవడి డిపోకు వచ్చి, మద్రాసులో ఓడెక్కి, పెనాంగ్‌లో దిగేముందు జెరెజాక్ దీవిలో క్వారంటైన్‌లో కూర్చున్నాడట. కొబ్బరితోట చూడకముందే ఈ దేశం మావాళ్లకు చూపించింది క్వారంటైన్. కాబట్టి ఇది మాకు కొత్త కాదని ఎవరైనా అంటే కాదనను. కానీ తాత పక్కన ఓడలో వచ్చినవాళ్లంతా కూర్చున్నారు. చిన్నాన్న చివరి రోజున పక్కన ఇద్దరు కొడుకులే ఉన్నారు.

రాజపూజ్యం. ఇంటికి ఒక్కరే బయటికి రావాలి, అదీ కెతువా కెలువార్గా, అంటే ఇంటి యజమాని అన్నారు. ఇల్లు మా అత్తగారి పేర ఉంది. సంపాదన మా ఆయనది. ఏ కొట్లో ఏది చవకో తెలిసింది నాకు. ఈ ముగ్గురిలో యజమాని ఎవరో తేల్చకుండా సర్కారు వారు ఉత్తర్వు మాత్రం పంపేశారు. చివరకు మీసం ఉందన్న కారణంతో రాజపూజ్యం మా ఆయనకే దక్కింది. సంచి, చీటీ, ఒక మీటరు దూరం, గంటసేపు క్యూ. కొత్తిమీర తెమ్మంటే సూపులో వేసే దావున్ సుప్ ఆకు కట్ట తెచ్చాడు. ఆకు అలాగే ఉందిగా అన్నాడు. వాసన చూడలేదా అంటే, మాస్కు ఉందిగా అన్నాడు. జవాబు లేకపోయింది. ఆ రోజు చారు సూపు వాసన కొట్టింది.

దేశమంతా ఇదే వరస అని తర్వాత తెలిసింది. మగవాళ్ల కోసం కూరగాయల బొమ్మలూ చేపల బొమ్మలూ పేర్లతో సహా ఫోన్లలో తిరిగాయి. అది చాలదన్నట్టు మార్చి చివర్లో మహిళా మంత్రిత్వశాఖ వారు, ఇంట్లో ఉన్నా ముస్తాబు మానొద్దనీ, మొగుడితో చెప్పాల్సింది డోరేమాన్ గొంతుతో ముద్దుగా చెప్పమనీ పోస్టర్లు వేశారు. లోకం నవ్వాక క్షమించమన్నారు. ఆ ఒక్కరోజు మా అత్తగారు డోరేమాన్ గొంతుతో కొడుకుని “నాయనా, కొత్తిమీర” అని పిలిచారు. అప్పటినుంచి కొత్తిమీర సరిగ్గానే వస్తోంది.

చనువు తీసుకుని అడుగుతున్నాను. తమరు రాజు. మంత్రి చంద్రుల వారు స్వయానా తమరి తండ్రిగారు. మరి తమరి ఇంట్లో కెతువా కెలువార్గా ఎవరు? పోలీసులు ఆపితే ఎవరి కార్డు చూపిస్తారు?

అవమానం. ఇందులో మొదట మా ఆయన జుట్టు రాద్దామనుకున్నాను. ఏప్రిల్‌లో సెలూన్లు తెరుచుకోవచ్చన్నారు, జనం గోలపెట్టేసరికి రోజుల్లోనే వద్దన్నారు. కానీ అంతకన్నా పెద్దది ఉంది. మలేసియా అంధుల సంఘం ఉన్న పేట మాది. చూపులేనివాళ్లు ఇక్కడ చాలామంది కాపురముంటారు, మసాజ్ సెంటర్లలో చేతిపనితో బతుకుతారు. కాలిబాటల మీద వాళ్ల కర్రకు తగిలేలా గాడుల పలకలు వేశారు. అయినా రోడ్డు దాటేచోట ఎవరో ఒకరు మోచెయ్యి అందించడం మా పేట మర్యాద. మసాజ్ సెంటర్లు మూతపడ్డాయి. మొన్న జలాన్ తున్ సంబంతన్ సిగ్నల్ దగ్గర ఒకాయన తెల్లకర్ర నిలబెట్టుకుని, కుడిచెయ్యి కొంచెం ముందుకు చాపి ఆగి ఉండగా మా ఆయన చూశాడట. చుట్టూ నలుగురున్నారు. నలుగురూ సరిగ్గా మీటరు దూరంలో ఉన్నారు. చివరికి మా ఆయన తన గుడ్డసంచి పిడి ఒకటి ఆయన చేతికిచ్చి, రెండోది తను పట్టుకుని దాటించాడు. ఈ అవమానం ఏ రాశిలో వేస్తారో తమరే చెప్పాలి.

ఇప్పుడు అసలు సంగతి. వసంతం వచ్చిందని తమరి పంచాంగం అంటుంది. భూమధ్యరేఖకు మూడు డిగ్రీల పైన కూర్చున్న మాకు అది ఎటునుంచి వస్తుంది ప్రభూ? ఇక్కడ ఆకు ఏడాది పొడుగునా రాలుతుంది, ఏడాది పొడుగునా చిగురిస్తుంది. కోయిల డిసెంబరులోనూ తెల్లవారకముందే అరిచి లేపుతుంది. కాకపోతే ఈసారి ట్రాఫిక్ లేక మరీ గట్టిగా వినిపిస్తోంది. చైత్రమాసమంటే మాకు మధ్యాహ్నం ఉరుములు, సాయంత్రానికి మురిక్కాలవలు పొంగడం. మా వసంతం ఆకాశంలోంచి రాదు, మనుషుల కాళ్ల మీద నడిచి వస్తుంది. దండల కొట్లవాళ్లు మల్లెలు కుప్పపోస్తే వస్తుంది. తమిళుల కొట్లో ఎండు వేపపువ్వు పొట్లం కట్టి, మీ పండగ ముందా మాది ముందా అని అడిగితే వస్తుంది. పెరాక్ నుంచి బస్సులో మామిడికాయల సంచితో చిన్నాన్న దిగితే వస్తుంది. సర్కారు వారు ఆపింది సరిగ్గా ఆ కాళ్లనే. చైత్రం మాత్రం మా ఖాతాలో ఖర్చు రాసుకుని వెళ్లిపోయింది.

ఇది మా ఒక్కరి గోల కాదు. ఏప్రిల్ 4న చీనావాళ్లు చెంగ్ బెంగ్‌కు పెద్దల సమాధుల దగ్గరికి వెళ్లలేకపోయారు. 14న తమిళ సంవత్సరాది, మలయాళీల విషు, ఆ వేళకే సిక్కుల వైశాఖి వచ్చి తలుపు బయటే నిలబడ్డాయి. 24న రంజాన్ ఉపవాసాలు మొదలైతే సాయంత్రం బజార్లు లేవు. మే 7న బౌద్ధుల వేసాక్, మా పేట మహావిహారం నుంచి ఊరేగింపు ఆశ లేదు. రోగం ఆపాలంటే ఇవన్నీ ఆపాలని మాకు తెలుసు. ఆపినందుకు కోపం లేదు. ఆపి కూడా, వసంతం జరిగిపోయిందని లెక్క రాసుకోవడమే మా అభ్యంతరం.

కావున తమరికి చేసుకునే విన్నపాలు:

ఒకటి. కెతువా కెలువార్గా పదవిని వంతులవారీగా ఇప్పించండి. మొదటి వంతు కొత్తిమీర వాసన పట్టగలిగినవాళ్లకు.

రెండు. అనుమతి ఫారాల్లో చిన్నాన్నకూ, మేనమామకూ, మేనత్తకూ గడి పెట్టించండి. దగ్గరివాళ్లెవరో తెలుగువాళ్లను అడిగి తెలుసుకోమని చెప్పండి.

మూడు. మా పేటలో మోచేతికి మీటరు నిబంధన నుంచి మినహాయింపు ఇవ్వండి. అంతదాకా గుడ్డసంచిని సర్కారు వారి సాధనంగా గుర్తించండి.

నాలుగు, ముఖ్యమైనది. తమరి హయాంలో ఒక నెల అదనంగా ఉందని పంచాంగంలో చూశాం, సెప్టెంబరు మధ్యలో మొదలయ్యే అధిక ఆశ్వయుజం. శుభకార్యాలకు పనికిరాదని దాన్ని అందరూ ఖాళీగా వదిలేస్తారు. ఎలాగూ ఖాళీ నెలే గనక, మాకు బాకీపడ్డ చైత్రాన్ని అందులో సర్దుబాటు చేయండి. మామిడికాయ దొరక్కపోతే అంబరెల్లాకాయతో పచ్చడి చేసుకుంటాం. వేపపువ్వు పొట్లం విప్పకుండా డబ్బాలో దాచే ఉంచాం. బస్సులు తిరిగితే చాలు.

జవాబు ఎప్పుడైనా దయచేయించండి గానీ, సాయంత్రం ఐదు గంటలకు మాత్రం వద్దు. ఆ వేళకు ఆరోగ్యశాఖ డైరెక్టర్ జనరల్ డాక్టర్ నూర్ హిషామ్ గారు టీవీలో ఆనాటి కేసులు చెబుతారు. అప్పుడు మా అత్తగారు రాజునైనా సరే బయటే కూర్చోమంటారు.

ఇట్లు,
తమరి ఏలుబడిలోని ఒక ఇల్లాలు
(ఇంటి యజమాని సంతకం కావాలంటే, ఆయన క్యూలో ఉన్నారు)