కథెక్కడ సార్?

ఒక్క రోజు. ఉస్మానియా హాస్టల్లో రవి అనే కుర్రాడు నిద్ర లేచింది మొదలు అతని బుర్రలో తిరిగిందంతా నవల. 1969లో నవీన్ తొలి నవల ‘అంపశయ్య’ వచ్చినప్పటి నుంచీ పాఠకులు రెండు పార్టీలు. చైతన్య స్రవంతి అంటే ఇదీ అని ఒకరు, స్రవంతి సరే కథేదీ అని ఇంకొకరు. తిట్టేవాళ్లే నయం, కనీసం ముప్పై పేజీలు చదివి తిడతారు. పొగిడేవాళ్లలో చాలామందికి అట్ట మీది మాటలే కంఠతా.

2004లో సాహిత్య అకాడెమీ ‘కాలరేఖలు’కు అవార్డిచ్చినా జనానికి ఆయన ‘అంపశయ్య నవీన్’. చదవనివాళ్లకు కూడా.

మొన్న సికింద్రాబాద్‌లో ఫలక్‌నుమా ఎంఎంటీఎస్ ఎక్కిన ఓ పెద్దమనిషి పక్క కుర్రాడి చేతిలోని ‘అంపశయ్య’ తీసుకుని నాలుగు పేజీలు తిప్పాడు. “ఏంది తమ్మీ ఇది? ఒక ముచ్చట ఒడవకముందే ఇంకోటి. తలా తోకా లేదు!” అని తిరిగిచ్చేసి, ఫోన్ తీశాడు.

పూరీ పొంగింది. ఎమ్మెల్యే గర్జించాడు. కుక్కపిల్ల తుమ్మింది. మోకాళ్ల నొప్పికి తైలం. మళ్లీ పూరీ. ఒక్కోదానికి పది సెకన్లు. సీతాఫల్‌మండి దాటింది, ఆర్ట్స్ కాలేజ్ స్టేషనూ వచ్చేసింది.

“సార్, మీరు దిగాల్సింది ఇక్కడే కదా?”

“జర ఆగు తమ్మీ, కథ ఇప్పుడే మంచిగొస్తుంది!”