చేయి అందించి... చేయిచ్చి!

1996 ఎన్నికల్లో ఓటరు ఎవరికీ మెజారిటీ ఇవ్వలేదు. అయితేనేం, పెత్తనం మాత్రం కాంగ్రెస్‌కు దక్కింది. ఓడిపోయినా ఏలడమెలాగో తెలిసిన పార్టీ అది.

161 సీట్ల బీజేపీ మే 16న గద్దెనెక్కి, పదమూడో రోజున ఓటింగుకు ముందే దిగిపోయింది. ఇక ప్రధాని పదవికి వరుడి వేట. వి.పి. సింగ్ ససేమిరా అన్నారు. జ్యోతిబసును పార్టీయే పీటలెక్కనివ్వలేదు. చివరికి చంద్రబాబు కన్వీనరుగా ఉన్న యునైటెడ్ ఫ్రంట్‌కు కర్ణాటక ముఖ్యమంత్రి దేవెగౌడ దొరికారు. ఆయన జనతాదళ్ బలం 46. మద్దతిచ్చిన కాంగ్రెస్ బలం 140. 'మేం బయటే ఉంటాం' అన్నారు కాంగ్రెస్ పెద్దలు. ఆహా, ఏమి వైరాగ్యం!

ఈ వైరాగ్యంలో ఉన్న సుఖం మంత్రి పదవిలో ఎక్కడిది? ధరలు పెరిగితే తిట్లు ప్రభుత్వానికి. పనులు జరిగితే ఘనత మద్దతుదారుకు. విసుగొస్తే రాష్ట్రపతికో ఉత్తరం.

ఆ ఉత్తరాలకు పెద్ద చరిత్రే ఉంది. 1979లో చరణ్ సింగ్ ప్రధానిగా పార్లమెంటు గడప తొక్కకుండానే రాజీనామా చేశారు. చంద్రశేఖర్ సర్కారు 1991లో నాలుగు నెలలైనా నిండకుండా కూలింది. కారణం? రాజీవ్ ఇంటి దగ్గర ఇద్దరు హర్యానా కానిస్టేబుళ్లు కనబడ్డారట! దేవెగౌడ పది నెలలకు కాంగ్రెస్ అధ్యక్షుడు సీతారామ్ కేసరి అలకకు బలయ్యారు. తర్వాత గుజ్రాల్ వంతు. హస్తం గుర్తు పార్టీ నలుగురికీ చేయి అందించింది, నలుగురికీ చేయిచ్చింది.

గుజ్రాల్ కథ మరీ రుచికరం. రాజీవ్ హత్యపై జైన్ కమిషన్ మధ్యంతర నివేదిక డీఎంకేను తప్పుపట్టింది. ఆ పార్టీ మంత్రులను తీసేస్తారా లేదా అంటూ కాంగ్రెస్ ఉగ్రరూపం దాల్చింది. ఆయన తీయనన్నారు. 1997 నవంబర్ 28న మద్దతు పోయింది, 1998లో దేశం మళ్లీ క్యూ కట్టింది. మరి 2004లో? అదే డీఎంకేతో పొత్తు, అదే డీఎంకేకు కేంద్రంలో మంత్రి పదవులు! ఆగ్రహానికీ కాలదోషం పడుతుంది కాబోలు.

కనుక ఓ చిన్న సవరణ చేద్దాం. బయటి నుంచి మద్దతిచ్చిన పార్టీ దాన్ని వెనక్కి తీసుకుంటే, మధ్యంతర ఎన్నికల ఖర్చంతా ఆ పార్టీ ఖాతాలోంచే కట్టాలి. చెక్కు జతపరచని ఉత్తరాన్ని రాష్ట్రపతి భవన్ తీసుకోకూడదు. అప్పుడు చూడండి, కూలిపోవాల్సిన ప్రభుత్వాల్లో ఎన్ని ఐదేళ్లూ నిక్షేపంగా నడుస్తాయో!