అష్టోత్తర పానావళి

ఆయుధ పూజ నాడు మన కారు యజమాని భక్తి చూసి తీరాలి. బానెట్‌కి బొట్టు, బంతిపూల దండ, నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు. ఆ బానెట్ ఎత్తే మీట ఎక్కడుందని అడిగితే మాత్రం దిక్కులు చూస్తాడు. "ఇప్పటి కార్లన్నీ కంప్యూటర్లండీ, మనం చెయ్యి పెట్టకూడదు" అన్నది ఈయన మూలమంత్రం. ఇంజిన్‌ని నడిపేది కంప్యూటరే, కాదనం. కానీ ఎయిర్ ఫిల్టర్ ఇప్పటికీ క్లిప్పులో స్క్రూలో బిగించిన ప్లాస్టిక్ పెట్టెలోనే ఉంది. ఏసీ ఫిల్టర్ చాలా కార్లలో గ్లవ్‌బాక్స్ వెనకే ఉంటుంది. బ్యాటరీ టెర్మినల్‌కి చాలావాటిలో పది నంబరు పానా చాలు. ముందు నెగెటివ్ విప్పాలన్నది గుర్తుంటే సరి. వైపర్ రబ్బరుకి ఏ సాఫ్ట్‌వేరూ లేదు. ఇంత చిన్న పనులకీ సర్వీస్ సెంటర్‌కి మొక్కుకుని, బిల్లు చూశాక లోకం పాడైపోయిందని వాపోతాడు.

దీనికి విరుగుడుగా ఇంకో తెగ పుట్టింది. వీళ్లు ఆన్‌లైన్‌లో 108 ముక్కల టూల్‌కిట్ తెప్పించి, అష్టోత్తరం పూర్తయినట్టు అటకెక్కిస్తారు. జాకీ, వీల్ పానా చాలా కార్లతోనే వస్తాయి. ఆపైన 8 నుంచి 19 దాకా పానాలు, రెండు స్క్రూడ్రైవర్లు, ఒక కటింగ్ ప్లేయర్, గాలి చూసే గేజి, చిన్న మల్టీమీటర్ ఉంటే మొదలుపెట్టొచ్చు. మిగతావి పని పడ్డప్పుడు రాణిగంజ్‌లోనో బెజవాడ ఆటోనగర్‌లోనో ఒక్కొక్కటే కొనుక్కోవచ్చు.

వారంటీ పోతుందంటారు. బయట పని చేయించుకున్నంత మాత్రాన వారంటీ మొత్తం రద్దనే షరతు పెట్టొద్దని 2014లోనే కాంపిటిషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు చెప్పింది. విడిభాగాలు బయట దొరకనివ్వనందుకు 2,544 కోట్ల జరిమానా కూడా వేసింది. కంపెనీలు అప్పీలుకెళ్లాయనుకోండి, వెళ్లకపోతే ఆశ్చర్యపోవాలి. మీరు చెడగొట్టినదానికి మాత్రం మీదే బాధ్యత. ప్రమాదం మాటేమిటంటారు. అది నిజమైన అభ్యంతరం. జాకీ ఒక్కదాన్నే నమ్మి కారు కింద దూరకూడదు, వేడి రేడియేటర్ మూత తిప్పకూడదు, బ్రేకులూ ఎయిర్‌బ్యాగులూ తెలిసినవాడికే వదలాలి. ఇక, టైం లేదనేవాళ్లు సర్వీస్ సెంటర్ సోఫాలో ఉచిత కాఫీ తాగుతూ పూటంతా గడుపుతారు. ఆ పూటలో ఓనర్ మాన్యువల్ ప్లాస్టిక్ కవరు చింపి, మెయింటెనెన్స్ అధ్యాయం ఒక్కటి చదవండి.