గుర్తులాయన

ప్రతి ఆఫీసులోనూ ఒకాయన ఉంటాడు. ప్రమోషన్ రాదు, సీటు మారదు. కానీ మార్చి నెలాఖరు వచ్చిందంటే మేనేజరు గదిలో కన్నా ఆయన కుర్చీ చుట్టూనే జనం ఎక్కువ.

"గురువుగారూ, రూపాయి గుర్తు పడట్లేదండీ!"

ఆయన వెంటనే లేవడు. టీ పూర్తి చేస్తాడు, కళ్లజోడు తుడుచుకుంటాడు, అప్పుడు విచారణ మొదలుపెడతాడు.

"ఏం నొక్కావు?"

"4 మీదే అచ్చేసి ఉంది కదండీ. షిఫ్టు పట్టుకుని నొక్కితే డాలరొస్తోంది."

"అదీ సంగతి! కీబోర్డు ఇక్కడే ఉంది నాయనా, దాని మనసే అమెరికాలో ఉంది."

పిచ్చి మాటలా వినిపించినా అది అక్షరాలా నిజం. చాలా కంప్యూటర్లలో కీబోర్డు సెట్టింగు ఇంగ్లిష్ యూఎస్ అని ఉంటుంది. దాన్ని ఇంగ్లిష్ ఇండియాకు మార్చి, కుడివైపు ఆల్ట్ పట్టుకుని 4 నొక్కితే రూపాయి పడుతుంది. ఇక జన్మలో ఆయనతో పనుండదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు, అందుకే చెప్పడు. నాటువైద్యుడు ఆకు పసరు పోస్తాడు గానీ ఆకు పేరు చెబుతాడా?

ఆల్ట్ మీద బొటనవేలు బిగించి, నంబర్ ప్యాడ్ మీద 8377 టకటకా కొట్టి వదులుతాడు. వర్డ్‌లో రూపాయి ప్రత్యక్షం. పౌండుకు 0163, యూరోకు 0128, యెన్‌కు 0165 అని నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. తన పీఎఫ్ నంబరు అడిగితే మాత్రం డ్రాయరంతా వెతుకుతాడు. లైనక్స్ వాడే కుర్రాడికి కంట్రోల్, షిఫ్ట్, యు కలిపి నొక్కించి, 20బి9 కొట్టించి, ఎంటర్ దగ్గర "ఇప్పుడు!" అంటాడు, ముహూర్తం దాటిపోతున్నట్టు.

ఆయనకూ ఓ స్వర్ణయుగం ఉండేది. 2010 జూలై 15న కేంద్ర మంత్రివర్గం ఉదయకుమార్ గీసిన రూపాయి గుర్తును ఆమోదించింది. అది యూనికోడ్‌లో చేరింది అక్టోబరులో, కంప్యూటర్లకు ఎక్కింది ఇంకా ఆలస్యంగా. ఈలోగా ఓ ఫాంటు వచ్చింది. అందులో ట్యాబ్ పైనున్న మీట నొక్కితే రూపాయి పడేది. ఆ ఫాంటు లేని చోట ఫైలు తెరిస్తే, ఐదు వేల ముందు రూపాయి బదులు ఒంటి ఈకలాంటి గీత నిలబడేది. అప్పుడు ఈయన పెన్‌డ్రైవ్ మెళ్లో వేసుకుని, సీటు సీటుకూ పోలియో చుక్కల్లా ఆ ఫాంటు వేసి వచ్చేవాడు.

గుర్తు మీదున్న శ్రద్ధ అంకె మీద ఉండదు. ఓ కొటేషన్‌లో సున్నా జారి లక్షన్నర పదిహేను వేలైపోయింది. మేనేజరు మండిపడ్డాడు. "గుర్తు సరిగ్గానే పడింది కదండీ!" అని ఈయనే నొచ్చుకున్నాడు.

తర్వాత గడ్డురోజులొచ్చాయి. చిన్న ల్యాప్‌టాప్‌లకు నంబర్ ప్యాడే లేదు. ఫోన్ కీబోర్డులో రూపాయి దానంతటదే కూర్చుంది. యూపీఐ అయితే ఎవరినీ అడక్కుండానే గుర్తు వేసుకుంటుంది. మార్చి నెలాఖరున కూడా ఆయన చుట్టూ ఎవరూ లేని రోజులు చూశాం.

2025 ఫిబ్రవరిలో సౌదీ వాళ్లు రియాల్‌కు కొత్త గుర్తు ప్రకటించారు. సెప్టెంబరులో అది యూనికోడ్‌కెక్కింది. మన పాత కంప్యూటర్లలో మాత్రం ఖాళీ డబ్బాలా కనిపిస్తోంది. గల్ఫ్‌లో ఉన్న బావమరిది కోసం ఎవరో అడగగానే ఆయన ముఖం వెలిగింది. ఆ గుర్తున్న ఫాంట్లు అన్ని కంప్యూటర్లకూ చేరేసరికి ఏళ్లు పడుతుందట. ఆయన సర్వీసు కూడా సరిగ్గా అంతే మిగిలింది.